ఒకరోజు ముందు బయలుదేరిన సంచి

దయ్యాలను నేను నమ్మను. ఆ మాట ముందే చెప్పి ఊపిరి పీల్చుకుంటాను, ఎందుకంటే ఇది మా స్కూలు పిల్లల చేతిలో పడితే నన్ను బతకనివ్వరు. హనుమకొండలో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. ఎవడైనా లేచి "టీచర్, మా ఇంటెనక దయ్యమున్నది" అంటే, "రేపు తోలుకురా, బరువు తూచి చూద్దాం" అనేదాన్ని. ఈమధ్య ఆ మాట అనడం మానేశాను. నమ్మకం కుదిరి కాదు. అనబోయే సమయానికి తంజావూరు లాడ్జి గుర్తొచ్చి నోరు మూతపడుతోంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. కాకపోతే ముందు మా మామయ్య గురించి, అంటే మా ఆయన వాళ్ళ నాన్న గురించి చెప్పాలి.

మామయ్య వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు. అంటే నేలమీద పరుచుకునే నూలు తివాచీలు. ఆయనకో అలవాటుండేది. ఇంటిల్లిపాదీ ఎక్కడికి బయలుదేరినా, పెళ్ళికైనా వేములవాడకైనా, ఆయన ఒక బస్సు ముందు వెళ్ళిపోయేవారు. దిగబోయే గదిలో నల్లా తిప్పి చూసేవారు. తలుపు గొళ్లెం వేసి తీసేవారు. మంచం మీద కూచుని ఒకసారి ఊగేవారు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి స్నానాలగదిలో ఒక స్టూలు వేయించేవారు. అత్తమ్మకు చదువు రాదు, గది నంబరు గుర్తుపట్టలేదు. అందుకని జేబులోంచి మగ్గం మీద మిగిలిన నీలం నూలు తీసి తలుపు గొళ్లేనికి ముడివేసి, కొసలు పంటితో కొరికేసేవారు. ఆ నీలం దారం ఎక్కడుంటే అది మా గది.

అన్నీ అయ్యాక ఫోన్ చేసేవారు. ఎప్పుడూ అవే మాటలు. "నీళ్ళొస్తానయ్. గొళ్లెం గట్టిగున్నది. రాండ్రి." మా ఆయన రమేష్, నేను ఆ మాటల్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. అత్తమ్మ మాత్రం ఆ ఫోన్ వచ్చేదాకా చెప్పులేసుకునేది కాదు.

రెండేళ్ళ కింద ఒకరోజు పొద్దున మామయ్యకు ఛాతీలో మంట పుట్టింది. గ్యాసే అనుకున్నారు. నేనూ వస్తానని అత్తమ్మ అంటే, "నేను ముందుగాల పోయి చూపిచ్చుకుంట. ఫోన్ జేస్త, అప్పుడు రా" అని ఆటో ఎక్కి దవాఖానకు వెళ్ళారు. అత్తమ్మ ఒళ్ళో ఫోన్ పెట్టుకుని గడపలో కూచుంది. ఆ ఫోన్ రాలేదు. వచ్చింది దవాఖానవాళ్ళ ఫోన్.

అప్పటినుంచి అత్తమ్మ ఇల్లు కదల్లేదు. పరకాలలో సొంత తమ్ముడింటికి కూడా పోలేదు. ఏడ్చేది కాదు, అలిగింది. ఎవరు పలకరించినా ఒకటే మాట. "యాడికి ముందు పోయినా ఫోన్ జేశిండు. గీ ఒక్కపారి చెయ్యలే. ఎట్ల చేరిండో, ఏమో." అందులో ఓదార్చడానికి పట్టు దొరకదు. ఓదార్చబోయి ఓడిపోయినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

కిందటి దసరా అయ్యాక ఇంకా కొన్ని సెలవులు మిగిలాయి. కారేసుకుని చారిత్రక నగరాలు చూసొద్దామని రమేష్ ప్లాన్ మొదలుపెట్టాడు. ఆయనకు మ్యాపుల పిచ్చి. మామూలుగా కూరగాయల మార్కెట్‌కు కూడా మ్యాప్ పెట్టుకుని వెళ్ళి దారి తప్పే మనిషి. హంపి అంటాడు, మైసూరు అంటాడు, రెండూ కలిపేద్దాం అంటాడు. నేను కంచి, తంజావూరు, మదురై అన్నాను. హాల్లో జంపఖానా మీద కూచుని ఇద్దరం గట్టిగానే కొట్లాడుకుంటున్నాం.

వంటింట్లోంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "తంజావూరు గూడ అటేనా?"

మామయ్య ఒకప్పుడు చేనేత ప్రదర్శనకని తంజావూరు వెళ్ళొచ్చి, అక్కడి పెద్దగుడిని నెలల తరబడి వర్ణించారు. "ఆ గుడి నీడల మన కొత్తవాడంత పడ్తది. నీకు సూపిస్త" అని అత్తమ్మకు మాటిచ్చారు. ఆ మాట అట్లాగే మిగిలిపోయింది. హంపి సంగతి రమేష్ మళ్ళీ ఎత్తలేదు.

అత్తమ్మ వస్తాననలేదు, రాననీ అనలేదు. మా పక్కింటి ఫాతిమక్క వచ్చి కూచుని, "జర బయటి గాలి తగలనియ్యి వదినా. మన రామప్ప జూశినదానివి, వాళ్ళ గుడి ఎట్లున్నదో చూసి లెక్క చెప్పు" అని ఒప్పించింది. ఒప్పుకుందో లేదో అత్తమ్మ షరతులు మొదలయ్యాయి. గది కిందనే ఉండాలి. లిఫ్ట్ ఎక్కదు, "మధ్యల ఆగితె అండ్లనే అన్నం పెడ్తరా?" అంటుంది. నెల్లూరులో, మదురైలో దొరికాయి కానీ తంజావూరులో కింది గది దొరకలేదు. ఒక లాడ్జి మేనేజరు మాత్రం ఫోన్లో తెలుగే మాట్లాడాడు. వాళ్ళ పూర్వీకులు ఎప్పుడో అటు వెళ్ళి స్థిరపడ్డారట. "మేడమీదైతే ఉందమ్మా. కిందిది మాట ఇవ్వలేను" అన్నాడు. సరే, అదే పెట్టమని రమేష్ పేరు, వరంగల్ అని చెప్పాను. అత్తమ్మకు ఆ మాట చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు.

రమేష్ గురువారం బయలుదేరదామన్నాడు. ఫాతిమక్క నాలుక కరుచుకుంది. "గురువారం దక్షిణం పోతరా? వారశూల గదా!" ముప్పై ఏళ్ళు మా గోడ పక్కన ఉండి ఆమెకు మా పంచాంగం మాకంటే బాగా వచ్చు. దానికి విరుగుడు కూడా ఆమే చెప్పింది. అది మా వైపు తెలిసినదే. మంచిరోజున ఒక సంచి ముందుగా గడప దాటించి పక్కింట్లో పెడితే, ఆ సంచి గలవాళ్ళు ఆ రోజే బయలుదేరినట్టు లెక్క. మర్నాడు వెళ్తూ దాన్ని తీసుకుపోతే సరి. బుధవారం అత్తమ్మ సంచి ఫాతిమక్క ఇంట్లో పెట్టాలని నిర్ణయం.

పెట్టే పని నాకు పడింది. మంచం మీద సంచి కనబడింది, తీసుకెళ్ళి ఫాతిమక్కకు ఇచ్చాను, ఆమె దాన్ని తన మంచం కింద పెట్టుకుంది. గురువారం వేకువన బయలుదేరుతూ రమేష్ దాన్ని తెచ్చి డిక్కీలో వేశాడు. ఫాతిమక్క అత్తమ్మ కుడిచేతికి గుడ్డలో నాణెం చుట్టి కట్టింది, దారిలో క్షేమం కోసం వాళ్ళు కట్టుకునే తాయెత్తు. అత్తమ్మ వెనకసీట్లో కూచుంది. ఖమ్మం దాటేదాకా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తోంది. ఎవరి ఫోన్ కోసమో మాకు తెలుసు. విజయవాడలో ఇడ్లీ తిన్నాక కాస్త తేరుకుని, రమేష్ డ్రైవింగ్‌ను తిట్టడం మొదలుపెట్టింది. మాకు ప్రాణం లేచొచ్చింది.

ఒంగోలు దాటాక అత్తమ్మ కునుకు తీస్తుంటే, కింది గది కోసం ఇంకోసారి బతిమాలదామని తంజావూరుకు స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. వరంగల్ అనగానే మేనేజరు, "రండమ్మా, కింది గది తీసిపెట్టాం. పెద్దాయన పొద్దున వచ్చి చూసుకుని వెళ్ళారు కదా" అన్నాడు. ఎవరినో చూసి మావాళ్ళనుకున్నాడని, మన పంట పండిందని నేను, రమేష్ కళ్ళతోనే నవ్వుకున్నాం. తప్పు దిద్దితే గది పోతుందేమోనని నోరెత్తలేదు.

ఆ సాయంత్రం నెల్లూరులో దిగాక అత్తమ్మ చీర మార్చుకుందామని సంచి విప్పింది. అందులో మామయ్య పంచె, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను, నీలం నూలు ఉండ ఉన్నాయి.

అత్తమ్మవీ మామయ్యవీ సంచులు రెండూ ఒకే జంపఖానా గుడ్డతో కుట్టినవి. తర్వాతి ప్రయాణానికని మామయ్య సర్దిపెట్టుకున్న సంచిని అత్తమ్మ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. తన సంచి తీయడానికి దాన్ని అటక మీదినుంచి దించి మంచం మీద పెట్టింది. నేను చూసుకోకుండా దాన్నే పట్టుకెళ్ళాను. అత్తమ్మ సంచి వరంగల్లో తలుపు చాటున భద్రంగా ఉంది.

తిడుతుందని చూశాను. తిట్టలేదు. ఆ రాత్రి నా నైటీ వేసుకుని అద్దంలో చూసుకుని, "ఛీ, దవాఖాన పేషెంట్ లెక్కున్న" అని నవ్వింది. రెండేళ్ళలో మేం విన్న మొదటి నవ్వు అది. మర్నాడు కంచిలో ఆమెకు చీరలు కొన్నాం. నేతింటి మనిషి కదా, ప్రతి చీరనూ తిరగేసి వెనకవైపు చూసి దుకాణంవాళ్ళకు చెమటలు పట్టించింది.

కంచినుంచి బయలుదేరాకే రెండు విషయాలూ నా తలలో పక్కపక్కన చేరాయి. బుధవారం గడప దాటింది ఎవరి సంచి? గురువారం పొద్దున తంజావూరులో గది చూసింది ఎవరు? ఫిజిక్స్ చదువుకున్నదాన్ని, సిగ్గేసింది. పైకి చెప్పలేదు. రమేష్ కూడా ఎందుకో పాటలు ఆపేసి నడిపాడు.

వెలుతురుండగానే తంజావూరు చేరాం. రమేష్ కౌంటర్ దగ్గర ఆధార్ కార్డులు ఇస్తున్నాడు. అత్తమ్మ ఎవరినీ అడక్కుండా వరండాలో నడుచుకుంటూ వెళ్ళి ఒక తలుపు ముందు నిలబడింది. ఆ గొళ్లేనికి నీలం దారం కట్టి ఉంది. నేత ముడి. కొసలు దగ్గరగా కొరికేసి ఉన్నాయి. అత్తమ్మ దాన్ని వేలితో తడిమి చూసింది. స్నానాలగదిలో స్టూలు వేసి ఉంది.

నేను మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఆ పెద్దాయన ఎట్లా ఉన్నారని అడిగాను. భుజాన తువ్వాలు, సన్నటి మనిషి అన్నాడు. ఆయన నల్లా తిప్పారట, గొళ్లెం వేసి తీశారట, మంచం మీద ఊగారట. "మావాళ్ళు వెనకాల వస్తున్నారు, వరంగల్‌వాళ్ళు" అన్నారట. ఆ గది ముందే పట్టుకున్న వేరేవాళ్ళు అదే పొద్దున రామని చెప్పేశారట, అందుకే మేనేజరు మాకు ఇవ్వగలిగాడట.

అత్తమ్మ నా వెనకే వచ్చింది. "ఏమన్న చెప్పి పోయిండా?" అని అడిగింది.

మేనేజరు కాస్త ఆలోచించాడు. "చెప్పారమ్మా. నీళ్ళొస్తున్నాయి, గొళ్లెం గట్టిగా ఉంది, రమ్మను అన్నారు."

అత్తమ్మ అక్కడే సోఫాలో కూచుండిపోయింది. "మంచిగనే చేరిండన్నట్టు" అంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతలోనే నవ్వింది. "రెండేండ్లు పట్టింది ముసలోనికి, ఒక్క మాట చెప్పెతందుకు." నేనూ ఏడ్చాను. ఆమె మొహంలో రెండేళ్ళ అలక తీరడం కళ్ళారా చూశాను.

నేను ఊరుకునే రకం కాదు కాబట్టి కెమెరా చూపించమన్నాను. ఉంది. ఆయుధపూజ రోజు దానికీ పూజ చేసి, సరిగ్గా కంటిమీదే గంధం బొట్టు పెట్టారు. తుడిచే ధైర్యం ఎవరికీ లేదట. తంజావూరు చుట్టుపక్కల నేతవాళ్ళు లేకపోలేదు, ఆ ముడి ఎవరైనా వేస్తారు. ఏ పెద్దాయనైనా నల్లా తిప్పి చూస్తాడు. ఆ ఊరికి వరంగల్‌నుంచి ఇంకో కుటుంబం వస్తూ ఉండొచ్చు, కానీ మేమున్నన్నాళ్ళూ ఆ గది కోసం ఎవరూ రాలేదు. మామయ్య ఫోన్లో చెప్పే మాటలు నేను గానీ రమేష్ గానీ మేనేజరుతో అనలేదు. ఒక్కొక్కటి విడిగా తీస్తే దేనికైనా జవాబుంది. అన్నీ కలిపితే నా దగ్గర లేదు, ఇది రాస్తున్న ఈ రోజుకీ లేదు.

నిజం చెప్పాలంటే నన్ను భయపెట్టింది దారం కాదు. "రమ్మను" అన్న మాట. అత్తమ్మ బీపీ, మోకాళ్ళు, ఆ వయసు. మామయ్య పిలిస్తే చెప్పులేసుకుని బయలుదేరే మనిషి ఆమె. మర్నాడు పెద్దగుడి నీడలో చేయి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ, "అబద్ధం చెప్పిండు, కొత్తవాడ పట్టదు" అని ఆమె నవ్వుతుంటే కూడా నా గుండెలో ఆ మాటే కలుక్కుమంటూ ఉంది.

ఖాళీ చేసేరోజు సామానంతా కారులో పెట్టాక, అత్తమ్మ ఒక్కతే ఆ తలుపు దగ్గర ఆగింది. దారం విప్పుతుందేమో అనుకున్నాను. విప్పలేదు. గొళ్లెం మీద చేయి వేసి, ఇంట్లో మామయ్యను కసిరినట్టే కసిరింది.

"వస్త తియ్యి. గంత తొందరేమున్నది? ఇంక మదురై చూడలే."

అని కొత్త చీర కుచ్చెళ్ళు సర్దుకుని, మాకంటే ముందు వెళ్ళి కారెక్కింది.