దేవన్న విరిచిన కొమ్ము

ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు ఎండిందో లేదో చెప్పాలంటే దేవన్నే చెప్పాలి. కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాడు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా విరిగితే పచ్చి. ముప్పై ఏళ్లుగా ఆయన మాటకు ఎదురు లేదు. దానికి తగ్గ పొగరూ ఉంది. సంచులు కుట్టుకునే నాలాంటివాడు చెబితే వింటాడా!

మొన్న మార్కెట్ కమిటీ పంపిన అంకిత అనే అమ్మాయి తేమ కొలిచే మిషన్ తెచ్చింది. ఒకే రాశిని ఐదు సంచుల్లో పోసి, ఆ సంగతి చెప్పకుండా దేవన్న ముందు పెట్టింది. మూడు ఎండినవన్నాడు, రెండు పచ్చివన్నాడు. మిషన్ ఐదింటికీ ఒకే అంకె చూపించింది.

"అన్నీ ఒక్కటే రాశి కాకా," అంది అంకిత.

దేవన్న మొహం మాడిపోయింది. పట్టుదలకొద్దీ గుప్పెడు కొమ్ములు మధ్యాహ్నం దాకా నీళ్లలో నానబెట్టి ఇచ్చాడు. మిషన్ మళ్లీ అదే అంకె చూపింది!

"మస్తు నమ్మకమైన మిషనే బిడ్డా!" అని నవ్వాను.

అంకిత నవ్వలేదు. "నమ్మకమైందే. రెండు నెలల సంది ఊరూరా తిప్పుతున్న, ఒక్కనాడు ఆగలే. ఎన్నిసార్లు పెట్టినా ఒక్కటే చెప్తది."

"మరి నిజం చెప్పుడు?" అన్నాడు దేవన్న.

"అది వేరే పరీక్ష కాకా," అని పెట్టె మూసుకుని వెళ్లిపోయింది.

నాకు బుర్ర తిరిగిపోయింది. మిషన్ తప్పయితే దేవన్న గెలిచినట్టే కదా? మరి ఒకే రాశిలో రెండు సంచులు పచ్చివన్న మాటేమిటి? ఆయనకూ అదే పట్టుకున్నట్టుంది, చాయ్ కూడా ముట్టలేదు.

ఆ సాయంత్రం వేల్పూర్ రైతు శాంతవ్వ పసుపు దించింది. పోయినేడు ఆమె పసుపును పచ్చిదని దేవన్నే తిప్పి పంపాడు. ఇంటి దగ్గర ఆరబోస్తే వాన కొట్టి సగం బూజు పట్టింది. అయినా మళ్లీ ఆయన దగ్గరికే వచ్చింది.

దేవన్న ఒక కొమ్ము విరిచాడు. ఇంకోటి విరిచాడు. నాలుగోది విరవకుండానే కింద పెట్టాడు.

"పోయినేడు నీది ఎండే ఉండెనేమో శాంతవ్వా," అన్నాడు. "నాకు ఎర్కలేదు."

ఆమె సంచి మూతి ఇంకాస్త విప్పింది. తిడుతుందనే అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మరి గిది?"

"గిది గూడ ఎర్కలేదు."

శాంతవ్వ తన సంచి మీద కూర్చుని, ఇంకో కొమ్ము తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే మల్ల ఇరువు. నీకు ఎర్కయ్యేదాంక నేను ఈడనే కూసుంట."