సుట్టీ మర్నాటి ఆయాసం

కుంఠా నాకా దగ్గరి కార్ఖానాలో చద్దర్లు నేసే పెంటప్పకు వారానికి ఒక్కరోజు సుట్టీ, అంటే సెలవు. ఆ మర్నాడే ఛాతీ పట్టేసేది. మగ్గం పక్కన రొప్పుతూ కూలబడేవాడు. మర్నాటికి కాస్త కుదుటపడి, వారం తిరిగేలోగా మామూలు మనిషయ్యేవాడు. ఇంకేం, జబ్బు కాదు, బద్ధకమని అందరూ తేల్చేశారు. సేఠ్ కామ్‌చోర్, పనిదొంగ అన్నాడు. ఇంట్లో బీడీలు చుట్టే భార్య మల్లమ్మ ఏకంగా పేరే పెట్టింది. "మా ఇంటాయనకు సుట్టీ రోగం."

కూతురు యమునకు మెడికల్ కాలేజీలో సీటు వచ్చినప్పుడు వాడంతా మిఠాయి తిన్నది. పక్కింటివాణ్ణి, నేనూ తిన్నాను. ఆ పిల్ల ఎలా చదువుతుందో చూశాక మాత్రం నాకు ఒళ్లు మండింది. సీనియర్ల దగ్గర కొన్న పాత పుస్తకం అది. పరీక్షలో అడిగేవాటి కింద ఎర్రగీతలు, అడగని పేజీలకు అడ్డంగా కొట్టివేతలు. ఎర్రగీతలు మాత్రమే బట్టీ పట్టేది.

"అన్ని సదివెటోళ్లే ఫెయిలైతరు కాకా" అని నాకే పాఠం చెప్పింది. తండ్రి ఆయాసపడుతుంటే, "లే నాయినా, సుట్టీ అయిపోయింది" అని నవ్వేది కూడా.

పంతొమ్మిది వందల తొంభై రెండు నాటికి పెంటప్పకు అన్ని రోజులూ ఒకటే అయ్యాయి. నాలుగడుగులు వేస్తే ఊపిరందదు. కార్ఖానా మాన్పించారు. అప్పటికి యమున హౌస్ సర్జన్. ఆమె వార్డులో ఒక నేతగాడు చేరితే, "సెలవు మర్నాడు ఆయాసం ఎక్కువవుతుందా?" అని పెద్ద డాక్టర్ అడిగాడట. అది విని ఇంటికి పరుగెత్తుకొచ్చి పుస్తకం తీసింది. నేనక్కడే ఉన్నాను. కొట్టివేత కింద అక్షరాలు శుభ్రంగా కనబడుతున్నాయి. ఆ ఇంగ్లీషులో ఉన్నదేమిటో యమున నాకూ, తండ్రికీ చెప్పింది: నూలు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. సెలవు మర్నాడు ఎక్కువవుతుంది. మొదట్లోనే దుమ్ముకు దూరం చేస్తే మనిషి కోలుకుంటాడు.

"ఎన్నటిసంది రాసి ఉన్నదే ఇది?" అన్నాడు పెంటప్ప.

"నేను కొన్నప్పటిసంది ఉన్నది నాయినా. పరీక్షల రాదని ఇడిసిపెట్టిన."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ అమ్మకు సదివి ఇనిపియ్యి" అన్నాడు, మధ్యలో ఊపిరి కోసం ఆగుతూ. "నేను కామ్‌చోర్‌ను కానని."

యమున ఒక్కో మాటా తెలుగులోకి మార్చి చదివింది. మల్లమ్మ చేతిలోని తునికాకు కింద పెట్టింది.

"ఇంకోపారి సదువు" అంది.