కాజాలమ్మ దాచనన్న మాత్ర

మా తోటికోడలిని దర్జీ కొట్టులో అందరూ కాజాలమ్మ అంటారు. ముప్పై ఏళ్లుగా చొక్కాలకు చేత్తో కాజాలు కుడుతోంది. మిషన్ కాజా కనిపిస్తే చాలు, "ఎలుక కొరికినట్టుంది" అని మొహం తిప్పుకుంటుంది.

అలాంటి మనిషి రెండేళ్ల కిందట సూది కింద పెట్టేసింది. తిండి లేదు, మాట లేదు, పొద్దస్తమానం గోడకేసి చూడటమే. డాక్టరమ్మ మనసు కుదుటపడే మాత్ర రాసింది. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ సూది పట్టింది, నా కూరలో ఉప్పుకు వంక పెట్టింది. హమ్మయ్య, మనిషయిందనుకున్నాను.

మా మరిదికే పరువు అడ్డొచ్చింది. "బయట పొక్కితే తలెత్తుకోలేను" అన్నాడు. అదేమన్నా దొంగసొత్తా? అయినా మొగుడి మాట విని కాజాలమ్మ ఆ సంగతి దాచింది.

ఆ కొట్టులో ఒక అలవాటుంది. మెడ పట్టేసినా నడుము లాగినా, గుండీల డబ్బాలో పడేసి ఉంచిన నొప్పి మాత్రల్ని ఎవరికి వాళ్లే తీసి మింగుతారు. సుద్దముక్కలా, దారపుండలా అవీ కొట్టు సామానే. ఈ మధ్య మెడనొప్పి పట్టుకుని కాజాలమ్మ కూడా రోజుకు రెండు మింగసాగింది. అదీ ఒక మందేనని తోచనే లేదు.

నెల తిరగకుండానే చేతుల నిండా కమిలిన మచ్చలు. పళ్లు తోముకుంటే నెత్తురు. ఒకరోజు విరేచనం తారులా నల్లగా అయిందని నా చెవిలో చెప్పింది.

మరిది వినేశాడు. "అంతా ఆ పిచ్చి మాత్ర వల్లే. ఇవాళే మానెయ్!"

ఆమె మొహం పాలిపోయింది. "మళ్లీ ఆ గోడ దగ్గరికి పోను అక్కా. చస్తే పోను."

"అయితే చెప్పులేసుకో" అన్నాను.

ఆసుపత్రి వరండా నిండా జనం. వేరే మందులేమైనా వాడుతున్నారా అని నర్సు అడిగింది.

"ఏం లేవమ్మా" అన్నాడు మరిది.

కాజాలమ్మ లేచి నిలబడి, రెండు మాత్రలూ నర్సు ముందు పెట్టింది. "ఎందుకు లేవు? మనసు బాగాలేక రెండేళ్లుగా ఇది వేసుకుంటున్నా. మెడనొప్పికి ఇది. రెండూ చూడు తల్లీ."

"మెల్లిగా! నలుగురూ వింటున్నారు."

"విననీ. నెత్తురు కారేది నా చిగుళ్లలో, వాళ్ల చెవుల్లో కాదు."

ఆ నల్లటి విరేచనం కడుపులో కారిన నెత్తురేనట; ఆ రెండు మాత్రలూ కలిస్తే అలా కారే ప్రమాదం పెరుగుతుందట. డాక్టరమ్మ నొప్పి మాత్ర అక్కడికక్కడే మాన్పించి, ఆ పూటే ఆసుపత్రిలో చేర్చుకుంది. "మనసు మాత్రను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. మార్చాల్సి వస్తే నేను చూసి మారుస్తాను. జలుబు మందైనా, ఆకు పసరైనా, నన్నడగకుండా దీంతో కలపొద్దు" అని మరిది వైపు చూస్తూ చెప్పింది.

నాలుగు రోజులకు ఇంటికొచ్చాం. "ఊరంతా తెలిసిపోయింది వదినా" అని మరిది వాపోయాడు.

"మంచిదే నాయనా, నీకు దాచే శ్రమ తప్పింది" అన్నాను.

కాజాలమ్మ నీళ్ల గ్లాసుతో వచ్చి, సరిగ్గా అతడి ఎదుట నిలబడి, మనసు మాత్ర నోట్లో వేసుకుని మింగింది.

"ఇకనుంచి ఇక్కడే వేసుకుంటా" అంది.