పుంగనూరు బస్సు పిలుపు

మౌనం మీద నేను రాసుకున్న కవితను మదనపల్లె బస్టాండులో నిలబడి చదువుతూ డాక్యుమెంటరీ తీయాలనుకోవడం అచ్చంగా నా తెలివితక్కువతనమే. గదిలో చదివితే సహజంగా ఉండదని నా భయం.

నేను నోరు తెరిచినప్పుడల్లా, ప్రయాణికులను పిలిచే పెద్దాయన "పుంగనూరు, పలమనేరు, కుప్పం!" అని రాగం తీసేవాడు. కాసేపు ఆగమని బతిమాలాను.

"నేనాగినా బస్సు ఆగదప్పా. అయినా మౌనం గురించి సెప్పేదానికి అంత అరిసేది యాల?" అన్నాడు. కిటికీల్లోంచి బస్సంతా నవ్వింది.

ఇంటికొచ్చి ఎడిటింగుకు కూర్చుంటే, నా కవిత పెట్టిన చోటల్లా బొమ్మ నిద్రపోయింది. ఆయన పిలుపు పెట్టగానే లేచి కూర్చుంది. చివరికి సినిమాలోంచి నా కవితనే తీసేశాను. ఇప్పుడు బస్టాండులో పిలిచే పని మైకుది. ఆ రాగం వినాలనిపిస్తే నాకు ఆ సినిమాయే దిక్కు.

అయితే ఆనాడు నన్ను నవ్వులపాలు చేసినందుకు ఆయన్ను ఊరికే వదల్లేదు. కుప్పంలో మొదటిసారి ప్రదర్శించినప్పుడు ఆయన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, తెర మీద 'కవిత్వం' అన్న మాట కింద ఆయన పేరు వేశాను. మర్నాటి నుంచి డ్రైవర్లంతా ఆయన్ను "కవిగారూ" అనే పిలిచారు.

"మర్యాదగా బతుకుతాంటే ఇట్ల చేసినావేందప్పా!" అని కనబడినప్పుడల్లా వాపోయేవాడు.