రిజ్వానా పెట్టిన చిన్న మిషను

రిజ్వానాకు ప్లేట్ల మీద నమ్మకం లేదు. ప్లేటంటే బోరు మోటారు ఒంటి మీద దాని హార్స్ పవర్ ఎంతో చెప్పే రేకు. మార్కాపురంలో వాళ్ళ అబ్బా జాఫర్ ముప్పై ఏళ్ళు మోటార్లకు వైండింగ్ చేశాడు. లోపల ఏడున్నర పెట్టుకుని పైన ఐదని రేకు కొట్టించుకునే రైతులు ఆయన దుకాణానికి రోజూ వచ్చేవారు. అది చూసి చూసి ఆ పిల్ల పదేళ్ళ వయసులోనే రేకు చదవడం మానేసి, మీటరు పెట్టి చూడటం నేర్చుకుంది. ఇప్పుడు ఆమెకు ముప్పై రెండేళ్ళు. అదే దుకాణంలో ఒక పక్క మోటార్లు, ఇంకో పక్క కంప్యూటర్లు బాగుచేస్తుంది.

నా పేరు రాజ్ కుమార్. గోవిందయ్య గారి స్కాన్ సెంటర్‌లో టెక్నీషియన్‌ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది రిజ్వానా కథే అయినా, అందులో నా నిర్వాకం కూడా కొంత ఉంది కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను.

మొన్న మే నెలలో మా పాత సర్వర్ చచ్చి ఊరుకుంది. స్కాన్ మిషన్ తీసినదాన్ని డాక్టరు చూడదగ్గ బొమ్మలుగా కూర్చి గుంటూరు పంపేది అదే. అమ్మేవాళ్ళు వాడి చూసుకోమని రెండు సర్వర్లు పంపారు. పెద్దదాని ప్రాసెసర్‌లో అరవై నాలుగు కోర్లు, చిన్నదాంట్లో ఇరవై నాలుగు. కోర్లంటే పనిచేసే చేతులనుకోండి. ఏది కొనాలో తేల్చమని గోవిందయ్య గారు రిజ్వానాను పిలిచారు. ఆమె దుకాణానికి సగం పని మా సెంటర్ నుంచే వస్తుంది.

రెండు డబ్బాల మీదా ఏం రాసుందో ఆమె చూడనే లేదు. ఒకే తల స్కాన్ రెండింటికీ ఇచ్చి, ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి, మూడు రోజులు రాసుకుంది. పెద్దది ఆరు నిమిషాల్లో పని ముగించింది, కానీ తొమ్మిది వందల వాట్లు లాగింది. చిన్నదానికి పదమూడు నిమిషాలు పట్టింది, లాగింది రెండు వందల ఎనభై. ఒక్కో స్కాన్‌కి ఖర్చయ్యే కరెంటు చూస్తే, చిన్నది వాడింది పెద్దది వాడినదాంట్లో మూడింట రెండొంతులే. దాని ధర పెద్దదాని ధరలో సగం కూడా లేదు.

"చిన్నది చాలు మామా" అంది.

గోవిందయ్య గారికి పెద్దారవీడు దగ్గర నాలుగు బోర్లున్నాయి. "అట్లెట్లమ్మా? నీళ్ళు రావాలంటే మోటారు పెద్దదే ఉండాల" అన్నారు. నేనూ ఆయనకే వంత పాడాను.

"నీళ్ళు మోటారులో ఉండవు మామా, బోరులో ఉంటాయి. కరెంటు పోయినప్పుడు మనకు బోరంటే సర్వర్లకు పెట్టిన ఆ బ్యాటరీనే. దాంట్లో ఎంతుందో చూసుకోవద్దా?"

గోవిందయ్య గారు ఎటూ తేల్చలేదు. ఈలోగా ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశారు. పొలాల్లో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి మా వైపు ప్రతి మోటారుకూ ఆటోమేటిక్ స్టార్టర్ పెడతారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. సర్వర్లను కూడా అట్లే పెట్టమని అమ్మేవాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు రెండింటికీ ఆ ఏర్పాటు చేసేశారు.

మర్నాడు మధ్యాహ్నం ఏబేలును ఆటోలో తెచ్చారు. మేకలకు తుమ్మ కొమ్మలు నరుకుతూ చెట్టు మీంచి బండ మీద పడ్డాడు. మనిషికి తెలివి లేదు. వెంట అతని భార్య మల్లమ్మ. పొద్దున్నుంచి కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. నేను గబగబా స్కాన్ తీశాను. తీసింది రెండు సర్వర్లకూ చేరీ చేరగానే మళ్ళీ కరెంటు పోయింది. జనరేటర్ రిపేరుకని గిద్దలూరు పోయి మూడు రోజులైంది.

గుంటూరు డాక్టరుకు ఫోన్ చేశాను. "బొమ్మలు చూడకుండా నేనేం చెప్పను? ఒంగోలులో సరిపోతుందా, ఇక్కడిదాకా తేవాలా చూస్తేనే తెలిసేది. తొందరగా పంపించండి" అన్నారు. గేటు దగ్గర అంబులెన్స్ ఎటు పోవాలో తెలియక నిలబడి ఉంది.

నా ఫోన్ అందుకుని రిజ్వానా రెండు వీధుల అవతల నుంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చీ రాగానే బ్యాటరీ చూసింది. నలభై శాతం.

"ఏందన్నా ఇది? నిండుగా ఉండాల కదా!"

పొద్దున కరెంటు వచ్చినప్పుడే రెండు మిషన్లూ వాటంతటవే లేచి, కరెంటు పోయినప్పుడల్లా దాన్ని పోటీపడి తాగుతున్నాయి. ఆమె క్షణం ఆలోచించి పెద్దదాని ప్లగ్గు పీకేసింది. చిన్నదాంట్లో పని మొదలుపెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బుద్ధుందా నీకు? ఆరు నిమిషాల పనికి పదమూడు నిమిషాలా? అక్కడ మనిషి పోతాంటే!"

"పెద్దది మధ్యలో ఆగిపోతే ఏమీ మిగలదన్నా. అరవొద్దు."

గోవిందయ్య గారు కూడా అరిచారు. ఆమె లేవలేదు. బ్యాటరీ ముప్పై ఒకటికి వచ్చింది. ఏబేలు గురక పెడుతున్నట్టు ఊపిరి తీస్తున్నాడు, ఆ చప్పుడు గోడ ఇవతలికి వినిపిస్తోంది. ఇరవై రెండు. మల్లమ్మ తలుపు దగ్గరికొచ్చి, "ఇంకా ఎంతసేపు నాయనా?" అని అడిగింది.

"నన్నడగొద్దు. ఆ అమ్మి చిన్న మిషను పెట్టింది. పెద్దదాంట్లో అయితే ఈపాటికి అయిపోయుండేది" అన్నాను.

మల్లమ్మ రిజ్వానా వీపు వైపు చూసి, మళ్ళీ మొగుడి దగ్గరికి పోయింది.

బ్యాటరీ ఏడు దగ్గర ఉండగా బొమ్మలు వెళ్ళాయి. "తలలో రక్తం గడ్డకట్టింది. ఇంతదూరం వద్దు, ఒంగోలు తీసుకుపోండి, అక్కడి సర్జన్‌తో నేను మాట్లాడతా" అన్నారు డాక్టరు. అంబులెన్స్ కదిలింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు.

తర్వాత మూడు రోజులు నేను ఊరంతా ఒకటే మాట చెప్పుకు తిరిగాను. రిజ్వానా మొండితనం వల్ల ఏడు నిమిషాలు పోయాయని. నాలుగో రోజు ఆమె తనే వచ్చింది. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"బ్యాటరీని నలభైకి దించినాను మామా. కరెంటు తీసేసి, ఆ రోజు స్కానే పెద్దదాంట్లో పెడతా. అది పూర్తయితే నేను ఆ మనిషికి ఏడు నిమిషాలు దండగ చేసినట్టే. పెద్దదే కొనుక్కోండి, నేను మళ్ళీ ఈ గడప తొక్కను."

గోవిందయ్య గారు తలూపారు. పెద్దది హోరుమంటూ మొదలైంది. మొదటి నిమిషానికే బ్యాటరీ ముప్పై ఒకటి. పని మాత్రం జోరుగా సాగుతోంది. రెండో నిమిషానికి మూడో వంతు అయిపోయింది. మూడో నిమిషానికి సగం. అది పూర్తి కావాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. రిజ్వానా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెర వైపే చూస్తోంది, చున్నీ కొస వేళ్ళకు చుట్టుకుని.

నాలుగో నిమిషం దాటగానే బ్యాటరీ కీచుమంది. తెర నల్లబడింది.

ఆ రోజు నా మాట విని ఉంటే ఏబేలు బొమ్మ ఒక్కటి కూడా బయటికి వచ్చేది కాదు. కరెంటేమో అప్పుడు రెండు గంటల తర్వాత గానీ రాలేదు. గోవిందయ్య గారు గొంతు సవరించుకుని, "ఆ స్టార్టర్ బుద్ధి నాదేనమ్మా. చిన్నదే తెప్పించు" అన్నారు. రిజ్వానా ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చింది.

నేను అక్కడే, అందరి ముందరే, మల్లమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"అత్తా, నేను స్కాన్ సెంటర్ రాజ్ కుమార్‌ని. ఆ పొద్దు రిజ్వానా వల్ల లేటయిందని చెప్పినా గదా. అది తప్పు. ఆ పిల్లే మీ ఆయన్ని కాపాడింది."

"ఏం చెప్పినావో నాకు గుర్తే లేదు నాయనా. నా ప్రాణం నాకాడ ఉంటే గదా? ఈ పొద్దు ఆయన కళ్ళు తెరిచి గంజి తాగినాడు."

గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఫోన్ పెట్టేసి నవ్వుతూ రిజ్వానా వైపు తిరిగాను.

"ఆమెకు గుర్తే లేదంట."

రిజ్వానా మీటరు తీగ చుట్టుకుంటోంది. తల ఎత్తలేదు.

"నాకు గుర్తుందన్నా" అంది.