తంబురకు పడిన పూచీ

మా భజన గుడి తంబుర వయసు ఎవరికీ సరిగ్గా తెలియదు. మా నాయన పురాణం చదివే రోజుల్లోనే దాని మెడ మనుషుల అరచేతుల నూనె తాగి నల్లబడి ఉండేది. ఒకే పనస మొద్దు తొలిచి చేసిన కుండ, నాలుగు తీగలు. బెంగళూరు నుంచి పాత వాద్యాలు వెతుక్కుంటూ వచ్చిన ఒకాయన దాన్ని అడగబోయి, మా పెదనాయన చూపు చూసి కాఫీ తాగి వెళ్లిపోయాడు. పెదనాయన మా భజనలో అందరికంటే పెద్ద. తాళం ఆయనది.

తీగలు ఆనే చెక్క మీద, ఒక్కొక్క తీగ కింద ఒక నూలు పోగు పెట్టాలి. అది సరైన చోట కుదిరితేనే తంబుర పలుకుతుంది, లేకపోతే పెట్టె మీద తట్టినట్టు ఉంటుంది. మా గుడిలో ఆ పోగు దేవుడికి కట్టి తీసిన వస్త్రం నుంచి లాగుతాం. ప్రతి ఏకాదశికీ ఉపవాసం ఉన్నవాళ్లే కొత్తది మారుస్తారు. నాయన పోయాక పురాణం చదవడంతో పాటు ఆ పని కూడా నాకే వచ్చింది.

మా శనక్కాయ చేను సోలార్‌కు లీజుకు పోయిన మూడో ఏడు అనుకుంటాను. వల్లూరు దారిలో నడిచి వస్తుంటే కంచె లోపలినుంచి పాట వినిపించింది. మిట్టమధ్యాహ్నం. ఇన్వర్టర్ గది గోడ నీడలో సెక్యూరిటీ యూనిఫాం వేసుకున్న పాతికేళ్ల మనిషి, టోపీ మోకాలి మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని పాడుతున్నాడు. గొంతు ఎక్కడా తడబడడం లేదు. పాట అయ్యేదాకా ఎండలోనే నిలబడ్డాను.

"శ్రుతి యాడిది నాయనా నీకు?" అని అడిగాను.

"అదో, ఆ రూములోదే అక్కా," అని నవ్వాడు. "ఎండ బాగా కాస్తే గట్టిగా పలుకుతాది. మోడం పట్టి ఎండ పోయిందంటే అదీ మూసుకుంటాది, నేనూ మూసుకోవల్ల."

అప్పుడు విన్నాను. గది లోపలినుంచి యంత్రం ఎడతెగకుండా రొద చేస్తోంది. దాన్ని పట్టుకునే పాడుతున్నాడు. పావగడలో ఒక అయ్యవారి దగ్గర ఆరేళ్లు నేర్చుకుని, ఇల్లు గడవక ఉద్యోగంలో చేరాడట. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. దేవుడు అంత గొంతు ఇచ్చినవాడు యంత్రాన్ని పట్టుకుని పాడుకోవడం ఏమిటి, మా తంబుర నెలకు రెండు రోజులు పలికి మిగతా రోజులు గుడ్డ కప్పుకుని ఉండడం ఏమిటి అనిపించింది.

తంబుర అతనికి ఇద్దామని భజనలో మాట ఎత్తాను. పెదనాయన తాళాలు కింద పెట్టాడు.

"పాడనీ, బాగా పాడనీ. తంబుర గుడి దాటేది ఏంది?"

"ఏకాదశికి తెస్తాడు పెదనాయనా. మిగతా రోజులు సాధన చేసుకుంటాడు."

"తేకపోతే?"

"పూచీ నాది."

"దీపం ముందర చెప్తాండావు మ్మే."

"చెప్తాండా."

భజన చివర, హారతికి ముందు, మా వాళ్లందరి పేర్లూ చదివి క్షేమం కోరడం మా ఆనవాయితీ. గుడి వస్తువు ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్ల పేరు కూడా చదువుతాం. ఆ రోజు నుంచి అతని పేరు చేరింది. దానం గురించి ఎన్ని సాయంత్రాలు చదివి అర్థం చెప్పానో. ఇచ్చినవాళ్లు ఇచ్చామని గుర్తు పెట్టుకోకూడదని కూడా చెప్పాను.

ఏడాది పాటు ఒక్క ఏకాదశి కూడా తప్పకుండా తంబుర తెచ్చి పాడాడు. ప్యానెళ్లు కడిగి వచ్చినవాళ్లు తడి పంచెలతోనే కూర్చుని వినేవాళ్లు. పెదనాయన కూడా తాళం వేస్తూ వేస్తూ ఆపి వినేవాడు, మళ్లీ గుర్తొచ్చి అందుకునేవాడు. తర్వాత అతను ఉద్యోగం మానేసి తుమకూరు పోయాడు. కచేరీలు వస్తున్నాయని విని నేను కొబ్బరికాయ కొట్టాను. ఒక ఏకాదశికి ఫోను వచ్చింది, బస్సు దొరకలేదని. తర్వాతి దానికి, "వానల్లో తేకూడదక్కా, తంబురకు జలుబు చేస్తాది," అన్నాడు. నవ్వాను కూడా. మూడోసారి ఫోను ఎత్తలేదు. వట్టి తాళాలతో పాడుకున్నాం. పెదనాయన తంబుర మీద కప్పే గుడ్డను మడిచి, అది ఉండే చోట పెట్టేవాడు.

పావగడ బస్టాండులో పోస్టరు చూశాను. ఆదివారం ఉదయం కల్యాణ మంటపంలో అతని కచేరీ. అతని పక్కన మా తంబుర బొమ్మ. నాకు కబురు లేదు. మరునాడే ఏకాదశి కాబట్టి, కచేరీకి కొత్త పోగు పెట్టి ఇచ్చి, అయ్యాక వెంట తీసుకుపోవచ్చని, ఒకరోజు ముందే ఉపవాసం పట్టి కాగితంలో నూలు మడుచుకుని వెళ్లాను. వెనక వరుసలో కూర్చున్నాను.

తంబురను వేదిక నడుమ నిలబెట్టి చామంతి దండ వేశారు. అతను మైకు అందుకుని కన్నడంలో చెప్పాడు, ఇది మా తాతగారి తంబుర, మా వంశంలో నాలుగు తరాలుగా ఉంది అని. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నావిడ, "ఎంత పుణ్యం చేసుకున్న వంశమో," అంది. వేదిక మీద నోరు జారిందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. శ్రుతి మొదలైంది. కళ్లు మూసుకున్నాను. నాలుగు తీగలు మీటి మళ్లీ మొదటికి వచ్చే మధ్యలో తంబురకు ఒక చిన్న ఊపిరి ఉంటుంది. ఎంతసేపు విన్నా అది రాలేదు. కళ్లు తెరిచాను. తంబుర దగ్గర ఎవరూ లేరు. అతని మోకాలి పక్కన ఫోను ఉంది.

కచేరీ అయ్యాక వేదిక ఎక్కాను.

"అక్కా! ఎప్పుడొచ్చినావు? ముందర కూర్చోవల్ల గదా!"

"తీగలు వదులైనాయి నాయనా."

"నేనే వదులు చేసినా. లైట్ల వేడికి శ్రుతి నిలబడదు. ఫోనైతే ఎంతసేపైనా ఒకే తీరు."

"ఇది ఎందుకు మరి?"

"జనం చూడల్ల గదక్కా."

దండ పక్కకు జరిపాను. కుండ వెనక రెండు స్క్రూలు బిగించి స్టాండుకు పట్టించారు. పనస చెక్క మీద సన్నగా బీట. "పడిపోతాదని," అన్నాడు.

"మీ తాతది అంటివే."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏదో ఒక మాటలే అక్కా. పల్లెలో భజన గుడిది అంటే ఎవరు చెవి పెడతారు?"

తీసుకుపోతానన్నాను. అడ్డం చెప్పలేదు. మైకులవాడి దగ్గర స్క్రూ డ్రైవరు తీసుకుని తానే విప్పి, తానే ఆటోదాకా మోశాడు. "నెలాఖరుకు ఇంకో ప్రోగ్రాం ఉండాది. అప్పటికి ఇస్తావు గదా?" అంటూ కాళ్లకు మొక్కాడు. నా చెయ్యి అలవాటుగా అతని తల మీదికి పోయింది. నోటికి దీవెన రాలేదు.

మరునాడు రంధ్రాలను మైనంతో పూడ్చి, పోగులు పెట్టి, భజనలో ఉన్నదున్నట్టు చెప్పాను. పూచీ పడింది నేను, తప్పు నాది అన్నాను. పెదనాయన కుండ వెనక వేలితో తడిమాడు.

"పాట ఎట్లుండె?"

"బాగా పాడినాడు పెదనాయనా. ముందరికంటే బాగా."

ఆయన తల ఊపి తాళం అందుకున్నాడు. హారతికి ముందు పేర్లు చదువుతూ అతని పేరు దగ్గరికి వచ్చి దాటేశాను.

"ఒకటి వదిలినావు," అన్నాడు పెదనాయన.

"తంబుర వచ్చేసింది గదా."

"దీపం ముందర చేర్చిన పేరు మ్మే అది."

చదువుదామనే నోరు తెరిచాను. రాలేదు. ఆయనే గట్టిగా ఆ పేరు చెప్పాడు, అందరూ క్షేమం కోరారు. అప్పటినుంచి ప్రతి ఏకాదశికీ అక్కడ నేను ఆగుతాను, ఆయన చెబుతాడు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో మైనం మెత్తబడి జారుతుంది. బొటనవేలితో మళ్లీ నొక్కుతాను.