తామరకు మిరప మందు

నా పరువు చాలాసార్లు పోయింది. బస్సులో పోయింది, పెళ్లి భోజనాల దగ్గర పోయింది, ఒకసారి పోస్టాఫీసు క్యూలో కూడా పోయింది. కానీ షామియానా వేయించి, మైకు పెట్టించి, నూట యాభై మంది రైతుల్ని పిలిచి కూర్చోబెట్టి మరీ పోగొట్టుకున్నది ఒక్కసారే. ఎనభైల్లో, అద్దంకి పక్కన ఒక మిరప ఊళ్లో జరిగిందిది. చదువుతూ మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు అక్కడున్నవాళ్లు నా అనుమతి అడగలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. గుంటూరులో బి.ఎస్సీ. బోటనీ చదివి, ఒక పురుగుమందుల కంపెనీలో కొత్తగా చేరాను. అద్దంకిలో మకాం. మోపెడ్ మీద ఊరూరా తిరిగి ఏ తెగులుకు ఏ మందు ఎంత కలపాలో రైతులకు చెప్పడం నా పని. మా నాన్న ముప్పై ఏళ్లు మిరప పండించినా ఆయన్ని ఎవరూ సార్ అనలేదు. నన్ను అంటున్నారు. అందుకు తగ్గట్టు బట్టలుండాలని టెరికాట్ ప్యాంట్లు కుట్టించుకున్నాను. ఎంత బిగుతంటే, వేసుకున్నాక జేబులో చెయ్యి పెట్టాలంటే ఊపిరి బిగపట్టాలి. వానలు వెలిసి ఉక్క పోస్తున్న రోజులు. కింద రెక్సిన్ సీటు, పైన టెరికాట్, మధ్యలో నేను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉడికేవాణ్ణి.

ఒకరోజు స్నానం చేస్తుంటే కుడి తొడ లోపలివైపు రూపాయి బిళ్లంత ఎర్రటి చక్రం కనిపించింది. అంచు కొంచెం ఉబ్బి, మధ్యలో తేటగా, చుట్టూ చిన్న చిన్న పొక్కులతో. దురద మామూలుగా లేదు. గోకితే హాయి, ఆపితే మంట.

అదేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. తామర. చెరువులో పూస్తే దేవుడికి పెడతాం, ఒంటి మీద పూస్తే ఎవరికీ చెప్పుకోం. అది శిలీంధ్రమని, మన చర్మాన్నే తిని బతుకుతుందని నేను పుస్తకంలో చదివాను. ఆ పేపర్లో నాకు మంచి మార్కులొచ్చాయి కూడా. నా కొంప ముంచినవి ఆ మార్కులే.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు కదా అంటారు మీరు. వెళ్లొచ్చు. కానీ అద్దంకి ఆసుపత్రిలో కాంపౌండరు మా మేనమామకు తోడల్లుడు. నేను ప్యాంటు ఎక్కించుకుని బయటికొచ్చేలోపు కబురు మా ఊరు చేరిపోతుంది. అందుకని మందుల షాపుకు వెళ్లాను.

"దురదకి ఏదన్నా ఇవ్వండి," అన్నాను గొంతు తగ్గించి.

"ఎక్కడండి దురద?" అన్నాడు షాపాయన గొంతు పెంచి.

"నాక్కాదండి, మా ఫ్రెండ్‌కి."

"అదేనండి, మీ ఫ్రెండ్‌కి ఎక్కడ?"

"ఆయన సరిగ్గా చెప్పలేదండి. ఎక్కడికైనా పనికొచ్చేది ఇవ్వండి."

ఆయన నన్ను కింద నుంచి పైకి చూసి, ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. రెండు రోజులు రాశాను. దురద మాయం. ట్యూబు అటక మీద పడేశాను. నాలుగు రోజులకు తామర మళ్లీ వచ్చింది. ఈసారి సాసరంత. మళ్లీ రాశాను, మళ్లీ తగ్గింది, మళ్లీ మానేశాను. మూడోసారి వచ్చినప్పుడు అన్నం పళ్లెమంత అయింది. పైగా ఎడమ తొడలో బ్రాంచి కూడా తెరిచింది.

నాతోపాటు గదిలో ఉండేవాడు కోటేశ్వరరావు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒకరోజు పొద్దున్నే చొక్కా పైకెత్తి నా ముందు నిలబడ్డాడు. బొడ్డు పక్కన గుండ్రంగా ఎర్రటి చక్రం.

"ఒరేయ్ ఆంజనేయులూ, కంపాస్ పెట్టి గీసినట్టుంది. ఏందిరా ఇది?"

"తామర," అన్నాను.

"నాకెట్టా వచ్చిందిరా?"

నేను దండెం మీద ఆరేసిన తువ్వాలు వైపు చూశాను. వాడూ చూశాడు. ఆ తువ్వాలు వాడిదే. మూడు వారాలుగా తుడుచుకుంటున్నది మాత్రం ఇద్దరం. వాడి పెదాలు కదిలాయి. లెక్కల మాస్టారు కదా, మనసులో కూడుకుంటున్నాడు.

సరిగ్గా ఆ సమయంలో నాకు ఆ ఆలోచన వచ్చింది. గది మూలలో మా కంపెనీ శాంపిల్ సంచులున్నాయి. మిరపలో కాయకుళ్లు తెగులుకు కొట్టే రాగి మందు. నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగులో మెత్తటి పొడి.

"కోటీ, కాయకుళ్లు దేనివల్ల వస్తుంది?"

"నాకేం తెలుసురా."

"శిలీంధ్రం వల్ల. తామర దేనివల్ల? శిలీంధ్రం వల్ల. కాయకుళ్లు ఈ మందుకు పోతుంది. మరి తామర?"

కోటి సంచి వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు. "లెక్క కుదిరినట్టే ఉంది. ముందు నువ్వు పూసుకో. నీకు తగ్గితే నేను పూసుకుంటా," అన్నాడు. ఆ గదిలో ఇద్దరం చదువుకున్నవాళ్లమే, తెలివైనవాడు మాత్రం వాడొక్కడే.

మర్నాడే మా పెద్ద రైతు సదస్సు. గుంటూరు నుంచి మేనేజరు పరంధామయ్యగారు వస్తున్నారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని రమ్మని ఆయన ముందే చెప్పారు. నా ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అనేది ఆ రోజు నా ప్రసంగం విని తేలుస్తానన్నారు. పొద్దున్నే లేచి, రెండు చెంచాల రాగి మందు కొబ్బరినూనెలో రంగరించి, రెండు తొడలకూ దట్టంగా పట్టించి, పైన తెల్ల ప్యాంటు ఎక్కించాను. మొదట చల్లగా అనిపించింది. నాకు పేటెంటు ఇవ్వాలేమో అనుకుంటూ మోపెడ్ స్టార్ట్ చేశాను.

ఊరు చేరేసరికి చల్లదనం పోయింది. గోకి గోకి పుండైన చోట మందు తన పని మొదలుపెట్టింది. వేదిక ఎక్కేసరికి తొడల మధ్య కల్లంలో ఎండుమిరపకాయలు పరిచి తొక్కుతున్నట్టుంది.

"మా ఆంజనేయులు వయసులో చిన్నవాడైనా శిలీంధ్రాల సంగతి క్షుణ్ణంగా తెలిసినవాడు," అని పరంధామయ్యగారు మైకులో పరిచయం చేశారు. అంత నిజం ఆయన తన సర్వీసులో ఎన్నడూ చెప్పి ఉండరు.

మైకు అందుకున్నాను. "రైతు సోదరులారా, శిలీంధ్రం అనేది కంటికి కనపడని శత్రువు. తేమ, వేడి ఉన్నచోట చేరుతుంది." కుడి కాలు ఎత్తి ఎడమ కాలికి రుద్దాను. "మనం పట్టించుకోకపోతే చుట్టుపక్కలకు పాకుతుంది." ఎడమ కాలు ఎత్తి కుడి కాలికి రుద్దాను. "మొదట్లోనే మందు కొట్టాలి." బల్ల అంచుకు ఆనుకుని, ఎవరూ చూడటం లేదనుకుని, గట్టిగా ఒక రాపిడి రాపాను.

పరంధామయ్యగారు నా చొక్కా లాగి, "ఏమయ్యా, బాత్రూముకు వెళ్లాలా?" అని గుసగుసగా అడిగారు. మైకు దాన్ని ఊరంతటికీ వినిపించింది.

"వద్దండి," అన్నాను. అదీ వినిపించింది.

ముందు వరసలో కూర్చున్న రైతులు ఒకరినొకరు పొడుచుకోవడం మొదలుపెట్టారు. వాళ్లు నా ముఖం చూడటం లేదు. నేనూ కిందికి చూశాను. నూనె, చెమట, రాగి మందు కలిసి తెల్ల ప్యాంటు మీద రెండు తొడల దగ్గరా ఆకుపచ్చ మరకలు దేశపటాల్లా విచ్చుకుంటున్నాయి. చేతిలో ఉన్న కరపత్రాలు అడ్డం పెట్టుకున్నాను. వాటి మీద మా మందు సంచి బొమ్మ ఉంది. రంగు సరిగ్గా అదే.

ముందు వరసలో వీరయ్య అనే పెద్దాయన లేచి నిలబడ్డాడు. మనిషి నెమ్మదస్తుడు. వెటకారం తెలియనివాడు.

"బాబూ, ఎకరానికి ఎంతో చెప్పావు. మడిసికి ఎంత కలపాలో చెప్పలేదు," అన్నాడు.

షామియానా ఊడి పడుతుందేమో అన్నంతగా నవ్వారు. మేనేజరుగారు నవ్వలేదు. నన్ను జీపు చాటుకు తీసుకెళ్లి సంగతి రాబట్టారు. అంతా విని, "రేపే గుంటూరు వెళ్లి చూపించుకో. ఉద్యోగం సంగతి ఒళ్లు నయమయ్యాక మాట్లాడదాం," అన్నారు. కాసేపు తటపటాయించి, "గోళ్లు పసుపుపచ్చగా మందమైపోవడం కూడా ఇదేనేమో, డాక్టర్ని ఓ మాట కనుక్కో. నాకు కాదు, మా బావమరిదికి," అన్నారు. ఆయన బూట్ల వైపు చూడకుండా ఉండటానికి నేను చాలా కష్టపడ్డాను.

మర్నాడు కోటీ నేనూ బ్రాడీపేటలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరంటే మగవాడే అనుకుని వెళ్లాను. లోపల మా పెద్దమ్మ వయసున్న ఆవిడ కూర్చుని ఉన్నారు. వెనక్కి తిరగబోతే కోటి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

ఆవిడ చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఇదేం రంగయ్యా?"

చెప్పాను.

"పొలం మందు ఒంటికి పూసుకోమని ఎవరు చెప్పారు?"

"నేనే అనుకున్నానండి. బోటనీ చదివాను."

"మొక్కల గురించి నువ్వు చదివావు. మనుషుల గురించి చదివి మేం ఇక్కడ ఊరికే కూర్చున్నామా?"

ముందు కాలిన చర్మం మానడానికి ఒకటి, తరవాత తామరకు ఒకటి రాసిచ్చారు. నేను మందుల షాపులో కొన్న ట్యూబు దురదను జోకొడుతుందే తప్ప శిలీంధ్రాన్ని చంపదని, పైగా దాన్ని పెంచుతుందని చెప్పారు. "దురద తగ్గగానే మానేయకూడదు, నేను చెప్పినన్నాళ్లూ రాయాలి. ఒళ్లు పొడిగా ఉంచుకోవాలి. వదులైన నూలుబట్టలు కట్టుకోవాలి. ఎవరి తువ్వాలు వాళ్లదే." ఆ చివరి మాటకు కోటి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

వారం తిరిగేసరికి లుంగీలో హాయిగా ఉన్నాను. కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆ సాయంత్రం మా మందులమ్మే డీలరు బజారులో కనపడ్డాడు.

"మీ మీటింగు బాగా పనిచేసింది సార్. వీరయ్య కూడా పావుకిలో పట్టుకెళ్లాడు."

"వీరయ్యకు మిరప చేను ఎక్కడుందండి? ఆయనదంతా పొగాకు కదా."

"అదే నాకూ అర్థం కాలేదు. చేనెంతని అడిగితే తల తడుముకుని, జానెడు ఉంటదిలే అన్నాడు."

అప్పటికి నాకు వెలిగింది. ఆ రోజు ఆయన వేళాకోళం ఆడలేదు. నిజంగానే అడిగాడు. లుంగీ మీదే మోపెడ్ ఎక్కి ఆ ఊరికి పరిగెత్తించాను.

వీరయ్య ఇంటి అరుగు మీద ఆయన ఆరేళ్ల మనవరాలు జుట్టు విరబోసుకుని కూర్చుంది. నడినెత్తిన అరచెయ్యంత మేర వెంట్రుకలు ఊడి, పొట్టు లేస్తోంది. పక్కన ఆయన గిన్నెలో నూనె పోసి ఆకుపచ్చగా రంగరిస్తున్నాడు.

గిన్నె లాక్కున్నాను. "బాబాయ్, ఇది పూయొద్దు."

"ఎందుకు పూయొద్దు? నువ్వు పూసుకున్నావుగా."

"నేను బుద్ధిలేక పూసుకున్నా."

"కంపెనీ మడిసివి, అంత చదువుకున్నావు, బాగుంటదనేగా పూసుకుంది. మాకొచ్చేసరికి వద్దంటే ఎట్టా? పసిది రేయింబవళ్లు గోక్కుంటంది, బళ్లో పక్కన ఎవరూ కూర్చోవట్లేదు," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత చెప్పినా నమ్మలేదు. గిన్నె ఇటు తెమ్మని చెయ్యి చాపాడు. చుట్టుపక్కల అరుగుల మీద ఆడవాళ్లు పనులాపి చూస్తున్నారు.

ఇక మాటలతో లాభం లేదని తెలిసింది. కళ్లు మూసుకుని లుంగీ తొడల పైదాకా ఎత్తాను. చర్మం కాలి, ఊడి, కొత్తగా గులాబీ రంగులో వస్తున్న చోటల్లా బయటపెట్టాను. వీరయ్య వంగి, దగ్గరగా, పొగాకు నాణ్యత చూసినంత శ్రద్ధగా చూశాడు.

ఆయన భార్య లోపల్నుంచి వచ్చి, "అర్థమైంది బాబూ, ఇక దించు," అంది.

మర్నాడు తాతనీ మనవరాలినీ వెంటబెట్టుకుని బ్రాడీపేట వెళ్లాను. వెంట్రుకల కుదుళ్లలో చేరిన తామరకు పైపూత చాలదని డాక్టరుగారు మాత్రలు రాసిచ్చారు. ఇంట్లో అందరికీ ఒకే దువ్వెన వద్దన్నారు. చలికాలం దాటేసరికి ఆ పిల్ల నెత్తిన నల్లగా జుట్టు లేచింది. ఓ రోజు తాత వెంట అద్దంకి వచ్చి నా గది ముందు నిలబడి, బెత్తెడు పొడవున్న రెండు పిలకలూ చూపించి వెళ్లింది. నా మొత్తం సర్వీసులో నేను పండించిన పంట అదొక్కటే అనుకుంటాను.

నా ఉద్యోగం కూడా ఖాయమైంది. తరవాతి సదస్సులో పరంధామయ్యగారు, చెప్పులు వేసుకుని, వేళ్లకు గాలి తగలనిస్తూ, మైకు ముందు నిలబడి నన్నిలా పరిచయం చేశారు: "ఇతను ఆంజనేయులు. మన మందు మనుషుల మీద పనిచెయ్యదని సొంత ఖర్మతో నిరూపించిన ఏకైక ఉద్యోగి."

కనుక పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో, వదులైన పంచె కట్టుకుని, ఎవరి తువ్వాలూ ముట్టుకోకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంటి మీద ఏది మొలిచినా, ఏది పూసినా, ఏది పాకినా, మందు సంచి మీద మనిషి బొమ్మ ఉంటే తప్ప దాని మూతి విప్పను. నేను మిరప మొక్కను కానని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.